పునాది, రిటైనింగ్ వాల్ పనికి కాంట్రాక్టర్‌ను పెట్టుకునే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత ఇల్లు కట్టుకునేవాళ్లు టైల్స్ కోసం ఊళ్లో ఉన్న షాపులన్నీ తిరుగుతారు. పునాది దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మేస్త్రి చూసుకుంటాడులే" అని వదిలేస్తారు. టైల్ నచ్చకపోతే పదేళ్ల తర్వాతైనా మార్చుకోవచ్చు. మట్టి కప్పేసిన ఫుటింగ్‌ను, అంటే స్తంభం కింద నేలలో పరిచే కాంక్రీట్ దిమ్మెను, మళ్లీ తెరిచి చూడటం దాదాపు కుదరని పని. మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్ వెనక భాగమూ అంతే. అందుకే కాంట్రాక్టర్ ఎంపిక గురించి, మట్టి కప్పేలోగా మీరు చూసుకోవాల్సిన వాటి గురించి ఇంత వివరంగా రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సొంత స్థలంలో ఇండిపెండెంట్ ఇల్లు కట్టుకునేవారిని దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి.

మేస్త్రి ఉన్నాడు, కాంట్రాక్టర్ ఉన్నాడు. మళ్లీ ఇంజనీర్ ఎందుకు?

మేస్త్రి పని చేస్తాడు. కాంట్రాక్టర్ మనుషుల్ని, సామాన్లను, డబ్బును నడిపిస్తాడు. ఫుటింగ్ ఎంత వెడల్పు ఉండాలి, ఎంత లోతుకు దిగాలి, ఏ కడ్డీ ఎక్కడ పడాలి అన్నది లెక్క కట్టి చెప్పాల్సింది స్ట్రక్చరల్ ఇంజనీర్. ఈ ముగ్గురి పనీ ఒకే మనిషి చేస్తానంటే, అతన్ని తనిఖీ చేసేవాళ్లు ఎవరూ ఉండరు. ఇంజనీర్‌ను మీరే పెట్టుకోండి, ఫీజు మీరే ఇవ్వండి. కాంట్రాక్టర్ తెచ్చిన ఇంజనీర్ ఎంత మంచివాడైనా, రేపు తేడా వచ్చినప్పుడు మీ పక్షాన మాట్లాడటం కష్టం.

అనుమతి కోసం మున్సిపాలిటీకి ఇచ్చే ప్లాన్ వేరు, స్ట్రక్చరల్ డ్రాయింగ్ వేరు. మొదటిదాంట్లో గదులు, సెట్‌బ్యాక్‌లు ఉంటాయి. రెండోదాంట్లో ఫుటింగ్ కొలతలు, కడ్డీల వివరం, కాంక్రీట్ గ్రేడ్ ఉంటాయి. అప్రూవ్డ్ ప్లాన్ చేతిలో ఉంది కదా అని గుంతలు తవ్వించేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండోది చేతికి రాకుండా ముగ్గు పోయించవద్దు.

సాయిల్ టెస్ట్ నిజంగా అవసరమా? పక్కింటివాళ్లు చేయించలేదే?

అవసరం. ఈ ఒక్క ప్రశ్నకు నా దగ్గర మినహాయింపు లేదు. "సార్, ఈ ఏరియాలో అందరికీ ఐదడుగులే తవ్వాం" అని కాంట్రాక్టర్ చెప్పే మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ పక్క ప్లాటులో ఒకప్పుడు బావి ఉండి పూడ్చి ఉండొచ్చు, మీ ప్లాటులో సగం మట్టి ఎక్కడి నుంచో తెచ్చి పోసినది కావొచ్చు. లేఅవుట్ వేసేటప్పుడు పల్లాలను పూడ్చి చదును చేసిన చోట్ల ఇది మామూలు విషయం.

మట్టి పరీక్ష అంటే ఒక కవర్లో మట్టి తీసుకెళ్లి ల్యాబ్‌లో ఇవ్వడం కాదు. స్థలంలో బోరు వేసి, సాధారణంగా ప్రతి మీటరున్నర లోతుకు ఒకసారి ఎస్‌పీటీ చేస్తారు. అంటే 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. దాన్నిబట్టి, ల్యాబ్ ఫలితాలను బట్టి నేల ఎంత బరువు మోయగలదో చెబుతారు. భూగర్భ జలం ఎంత లోతులో ఉందో, మట్టి ఉబ్బే రకమో కాదో కూడా రిపోర్టులో ఉండాలి. చిన్న ఇంటికి ఒక బోరు చాలని కొందరంటారు. ప్లాటు రెండు మూలల్లో రెండు వేయించమని నేను చెబుతాను. చాలా చోట్ల ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబులు కూడా ఈ పని చేసిపెడతాయి.

టెస్ట్ మాట ఎత్తగానే "అదంతా దండగ సార్" అని నవ్వే కాంట్రాక్టర్‌ను అక్కడితో వదిలేయండి.

మాది నల్లరేగడి నేల. ఏం అడగాలి?

గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ వైపు ఇళ్లు కట్టేవారికి ఈ ప్రశ్న తప్పదు. రేగడి మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఏటా వానకు, ఎండకు ఇంటిని పైకెత్తి కిందికి దించుతూ ఉంటుంది. ఒక మూల ఎక్కువ, ఇంకో మూల తక్కువ కదిలితే గోడ మీద మెట్లు మెట్లుగా, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి. సాయిల్ రిపోర్టులో 'ఫ్రీ స్వెల్ ఇండెక్స్' అనే అంకె చూడండి, తడిస్తే మట్టి ఎంత ఉబ్బుతుందో అది చెబుతుంది. అది 50 శాతం దాటితే మామూలు ఫుటింగ్ గురించి ఇంజనీర్‌తో మళ్లీ మాట్లాడాలి.

రేగడి పొర పలచగా ఉంటే దాన్ని దాటి కింద ఉన్న గట్టి మొరం మీద ఫుటింగ్ వేయొచ్చు. లోతుగా ఉంటే అండర్‌రీమ్డ్ పైల్స్ మంచి దారి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్‌ఐ) మన దేశంలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. సన్నటి బోరు తవ్వి అడుగున గడ్డలా వెడల్పు చేస్తారు. ఆ గడ్డ వ్యాసం సాధారణంగా కాండానికి రెండున్నర రెట్లు ఉంటుంది. లోతైన రేగడిలో పైల్ కనీసం మూడున్నర మీటర్లు దిగాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 చెబుతుంది, ఎందుకంటే ఆ లోతు దాటాక వానాకాలం, ఎండాకాలం తేడా మట్టికి పెద్దగా తెలియదు. పైల్స్ మీద వచ్చే బీమ్ అడుగుభాగం నేలకు ఆనకుండా కాస్త ఖాళీ వదలాలి. ఆ ఖాళీ వదలకపోతే ఉబ్బిన మట్టి బీమ్‌నే పైకి తోస్తుంది, పైల్స్‌కు పెట్టిన ఖర్చంతా వృథా అవుతుంది.

అందుకే కాంట్రాక్టర్‌ను అడగాల్సింది: అండర్‌రీమ్డ్ పైల్స్ ఇంతకుముందు ఎక్కడ వేశారు? గడ్డ సరైన సైజుకు తెరుచుకుందో లేదో ఎలా చూస్తారు? బోరులో మట్టి విరిగిపడితే ఏం చేస్తారు? పని తెలిసినవాడు వెంటనే చెబుతాడు. తెలియనివాడు "అవన్నీ మాకు మామూలే" అంటాడు.

ఒకసారి తవ్విన రేగడి మట్టినే మళ్లీ బేస్‌మెంట్‌లో నింపనివ్వకండి. గ్రావెల్ తెప్పించండి. ఇంటి చుట్టూ బయటికి వాలుగా ఫ్లోరింగ్ చేయించి, పైకప్పు నీళ్లు గోడ పక్కనే పడకుండా పైపు ద్వారా దూరంగా పంపండి. పెద్దగా పెరిగే చెట్లను కూడా గోడ పక్కనే నాటొద్దు, వాటి వేర్లు ఒకవైపు తడిని లాగేస్తాయి.

గుంత తవ్వితే ఒక పక్క బండ తగిలింది. ఇక భయం లేదా?

హైదరాబాద్ చుట్టుపక్కల ఇలా తగలడం మామూలే. గుంతలన్నిటికీ బండ తగిలితే చాలా మంచిది. ఇబ్బంది వచ్చేది సగం ఫుటింగ్‌లు బండ మీద, సగం మట్టి మీద పడినప్పుడు. బండ మీదివి కదలవు, మట్టి మీదివి కొద్దికొద్దిగా దిగుతాయి, మధ్యలో ఇల్లు చీలుతుంది. ఇలా కనపడగానే పని ఆపించి ఇంజనీర్‌ను పిలవండి. బండ వాలుగా ఉంటే మెట్లలా కొట్టించి సమతలం చేయాలి, అవసరమైతే కడ్డీలు దించి కట్టాలి.

బండ తీయడానికి అయ్యే ఖర్చు ముందే రాసుకోకపోతే గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. మట్టి తవ్వకం రేటు, మెత్తటి రాయి రేటు, గట్టి బండ రేటు వేర్వేరుగా ఒప్పందంలో ఉండాలి. ఇళ్ల మధ్య అనుమతి లేకుండా పేల్చడం నేరం, పక్కిళ్లకు ప్రమాదం. బ్రేకర్‌తో గానీ, రంధ్రాల్లో ఉబ్బే పౌడర్ పోసి పగలగొట్టే పద్ధతిలో గానీ తీయించాలి.

మంచి కాంట్రాక్టర్ అని ఎలా తెలుసుకోవాలి?

పూర్తయి రంగులేసిన ఇల్లు చూపిస్తే పునాది గురించి ఏమీ తెలియదు. రెండు రకాల చోట్లకు తీసుకెళ్లమనండి. ఒకటి, ఇప్పుడు ఫుటింగ్ పని నడుస్తున్న సైట్. అక్కడ కడ్డీల కింద కవర్ బ్లాకులు (కడ్డీ అడుగుకు ఆనకుండా ఎత్తిపెట్టే చిన్న సిమెంట్ దిమ్మెలు) ఉన్నాయా, రాళ్ల ముక్కలు పెట్టారా? వైబ్రేటర్ ఉందా, కర్రతో కుక్కుతున్నారా? సిమెంట్ బస్తాలు నేల మీద పడున్నాయా, చెక్కల మీద పేర్చారా? పోసిన కాంక్రీట్ తడిగా ఉందా, తెల్లగా ఎండిపోయిందా? ఇవి చూడటానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. రెండోది, కనీసం మూడు వానాకాలాలు గడిచిన ఇల్లు. ఆ ఇంటి యజమానితో కాంట్రాక్టర్ పక్కన లేనప్పుడు మాట్లాడండి. "పని బాగా చేశాడా?" అని అడిగితే మొహమాటానికి అందరూ బాగానే చేశాడంటారు. "చివర్లో లెక్క ఎంత పెరిగింది? మధ్యలో ఎన్నాళ్లు పని ఆపాడు? పగులు వస్తే పిలిస్తే వచ్చాడా?" అని అడగండి.

అతనికి సొంత మనుషులు ఉన్నారా, మొత్తం పని వేరేవాళ్లకు అప్పజెబుతాడా అన్నది కూడా తెలుసుకోండి. రాడ్ బెండింగ్, సెంట్రింగ్ ముఠాలు వేరుగా ఉండటం మామూలే, అందులో తప్పు లేదు. సైట్ మీద రోజూ ఉండి జవాబు చెప్పే మనిషి ఎవరో, పేరుతో సహా తెలియాలి. రిటైనింగ్ వాల్ ఉంటే, కట్టినవాటిలో కనీసం ఒకటి వాన పడుతున్నప్పుడో, పడిన మర్నాడో వెళ్లి చూడండి. గోడ రంధ్రాల నుంచి నీళ్లు కారుతుంటే ఆ గోడ తన పని తాను చేస్తున్నట్టే.

చదరపు అడుగు రేటుకు ఇవ్వాలా, ఐటమ్ రేటుకు ఇవ్వాలా?

పై కట్టడానికి చదరపు అడుగు రేటు నడుస్తుందేమో గానీ, పునాదికి, రిటైనింగ్ వాల్‌కు అది సరిపడదు. ఫుటింగ్ ఐదడుగుల లోతుకు దిగినా, తొమ్మిదడుగులకు దిగినా ఇంటి వైశాల్యం అంతే. అందువల్ల చదరపు అడుగు లెక్కకు ఒప్పుకున్న కాంట్రాక్టర్‌కు ప్రతి అడుగు లోతూ నష్టమే, లోతు తగ్గించాలనే ఆలోచన తప్పకుండా వస్తుంది. తవ్వకం క్యూబిక్ మీటరుకు, కాంక్రీట్ క్యూబిక్ మీటరుకు, స్టీల్ కిలోకు, సెంట్రింగ్ చదరపు మీటరుకు, మట్టి నింపడం క్యూబిక్ మీటరుకు రేటు మాట్లాడుకోండి. డ్రాయింగ్ నుంచి ఈ పరిమాణాలు లెక్కగట్టి ఇవ్వమని మీ ఇంజనీర్‌ను అడగండి. అదే కాగితం ముగ్గురు కాంట్రాక్టర్లకు ఇస్తే కొటేషన్లు పోల్చిచూడటం కుదురుతుంది. రేట్లు మరీ ఎక్కువా తక్కువా అన్న అంచనాకు ప్రభుత్వం ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్ (ప్రామాణిక ధరల పట్టిక) రేట్లు పనికొస్తాయి.

సామాను మీరు కొని, కూలి మాత్రం కాంట్రాక్టర్‌కు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. సైట్ దగ్గర రోజూ ఉండగలిగితే అది మంచిదే. లేకపోతే ఇసుక, కంకర, స్టీల్ లెక్క చూసేవాళ్లు లేక ఆదా అనుకున్నది అలాగే పోతుంది.

మూడు కొటేషన్లలో ఒకటి బాగా తక్కువగా ఉంటే, అతను ఏం వదిలేశాడో వెతకండి. చాలాసార్లు కనిపించనివి ఇవే: గుంతల్లో ఊరే నీళ్లు తోడటం, మిగిలిన మట్టిని లారీలో తరలించడం, చెదల మందు, గోడ వెనక కంకర, డ్రెయిన్ పైపు.

ఒప్పందంలో ఏం రాసుకోవాలి?

స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టుకోవడం మంచిదే, కానీ దాని బలమంతా లోపల రాసిన వివరంలో ఉంటుంది. డ్రాయింగ్ నంబర్లు, తేదీలు రాసి ఆ డ్రాయింగ్‌ల మీద ఇద్దరూ సంతకం చేయాలి. కాంక్రీట్ గ్రేడ్, స్టీల్ గ్రేడ్, సిమెంట్ రకం, ఇసుక నదిదా, రోబో శాండా, అన్నీ పేర్లతో ఉండాలి. ఆర్‌సీసీకి, అంటే కడ్డీలు వేసిన కాంక్రీట్‌కు, ఎం20 కంటే తక్కువ గ్రేడ్ వాడకూడదని ఐఎస్ 456 చెబుతుంది. సముద్రపు గాలి తగిలే చోట ఇంకా ఎక్కువ కావాలి.

ఈ ఒక్క వాక్యం మాత్రం తప్పకుండా రాయించండి: "ఇంజనీర్ చూసి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఏ గుంతలోనూ కాంక్రీట్ పోయకూడదు, ఏ ఫుటింగ్ మీదా మట్టి కప్పకూడదు, ఏ గోడ వెనకా నింపకూడదు." పోస్తే విప్పి మళ్లీ చేసే ఖర్చు కాంట్రాక్టర్‌దే అని కూడా ఉండాలి.

అదనపు పని వస్తే ముందు రేటు, పరిమాణం రాసుకున్నాకే మొదలుపెట్టాలి. వాట్సాప్ మెసేజ్ అయినా సరే, నోటిమాట కంటే మేలు. కూలీలకు ప్రమాద బీమా ఎవరు చేయిస్తారో స్పష్టంగా రాయండి. గుంతలో మనిషి పడినా, మట్టి విరిగినా ఆ కుటుంబానికి అండ ఉండాలి.

డబ్బు ఎప్పుడెప్పుడు ఇవ్వాలి?

అడ్వాన్స్ పది శాతం దాటనివ్వకండి. మిగతాది పని దశలను బట్టి ఇవ్వండి: తవ్వకం, పీసీసీ (గుంత అడుగున పరిచే, కడ్డీలు లేని కాంక్రీట్ పొర) అయ్యాక కొంత, ఫుటింగ్‌లు పోశాక కొంత, పెడస్టల్స్ (ఫుటింగ్ మీద లేచే పొట్టి స్తంభాలు), ప్లింత్ బీమ్ (ఇంటి నేల మట్టం దగ్గర స్తంభాలను కలిపే దూలం) అయ్యాక కొంత, బేస్‌మెంట్ నింపి దిమ్మిస కొట్టాక కొంత. ఐదు శాతం దాకా ఆపి ఉంచి, ఒక వానాకాలం గడిచాక ఇవ్వడం న్యాయమైన పద్ధతి. రిటైనింగ్ వాల్‌కు ఇది తప్పనిసరిగా పెట్టుకోండి, ఎందుకంటే ఆ గోడకు అసలు పరీక్ష మొదటి పెద్ద వానే. మీరు కూడా మాట ప్రకారం సమయానికి డబ్బివ్వాలి. కూలీలకు వారం జీతం ఆగితే కాంట్రాక్టర్ ఇంకో సైట్‌కు వెళ్లిపోతాడు, తెరిచిన గుంతల్లో వాన నీళ్లు నిలుస్తాయి. చెల్లింపులన్నీ బ్యాంకు ద్వారానే చేయండి.

కాంక్రీట్ పోసే రోజు నేను ఏం చూడాలి?

ముందురోజు సాయంత్రమే వెళ్లండి, పోసే రోజు అందరూ హడావిడిలో ఉంటారు. గుంత అడుగున వదులు మట్టి, బురద, నీళ్లు ఉండకూడదు. పీసీసీ సమంగా ఉండాలి. ఫుటింగ్ కడ్డీల కింద, పక్కన కనీసం 50 మిల్లీమీటర్ల కవర్, అంటే కడ్డీని కప్పే కాంక్రీట్ మందం, ఉండాలి. కడ్డీల వ్యాసం, వాటి మధ్య దూరం డ్రాయింగ్‌తో టేపు పెట్టి కొలవండి. స్టీల్ బరువు మీద నమ్మకం లేకపోతే తేలికైన లెక్క ఉంది: వ్యాసాన్ని వ్యాసంతో హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 0.89 కిలో, పన్నెండు మీటర్ల పొడవుకు సుమారు 10.7 కిలోలు తూగాలి. మరీ తక్కువ తూగితే ఆ లోడు దించనివ్వకండి.

సైట్‌లో కలిపే ఎం20 కాంక్రీట్‌కు, అంటే సిమెంట్, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లకు, క్యూబిక్ మీటరుకు ఎనిమిది బస్తాల సిమెంట్ పడుతుంది. ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, అడుగు మందం ఉన్న ఫుటింగ్‌కు దాదాపు ఆరు బస్తాలు. ఖాళీ బస్తాలు లెక్కపెడితే సరిపోతుంది.

నీళ్ల విషయంలోనే ఎక్కువ మోసపోతాం. కాంక్రీట్ సులువుగా జారాలని కూలీలు బకెట్ నీళ్లు పోసేస్తారు. అలా పోసిన ప్రతి బకెట్‌కూ బలం తగ్గుతుంది. కోస్తాలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కలపనివ్వకండి. ఆర్‌సీసీకి వాడే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు, మించితే కడ్డీ లోపలి నుంచి తుప్పు పడుతుంది. నీటి పరీక్షకు పెద్దగా ఖర్చు కాదు.

పోసేటప్పుడే 15 సెంటీమీటర్ల క్యూబ్‌లు నింపించి, 7 రోజులకు, 28 రోజులకు ల్యాబ్‌లో పగలగొట్టించండి. క్యూరింగ్ మామూలు ఓపీసీ సిమెంట్‌కు కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి సిమెంట్‌కు కనీసం 10 రోజులు. మన ఎండలకు 14 రోజులు తడిపితే ఇంకా మంచిది. ఫుటింగ్ పోసిన మర్నాడే మట్టి కప్పి "లోపల తడి ఉంటుంది సార్" అంటే ఒప్పుకోకండి.

రిటైనింగ్ వాల్ కూడా ప్రహరీ గోడ లాంటిదే కదా?

కాదు. ప్రహరీకి రెండు వైపులా గాలే ఉంటుంది. రిటైనింగ్ వాల్‌కు ఒక వైపు మట్టి, పగలూ రాత్రీ తోస్తూనే ఉంటుంది. ఎత్తు రెండింతలైతే ఆ తోపుడు నాలుగింతలవుతుంది, గోడను బోర్లా పడదోసే బలం ఎనిమిదింతలవుతుంది. ఐదడుగుల గోడ నిలబడింది కదా అని అదే మందంతో పదడుగులు లేపడం ప్రాణాలతో చెలగాటం. పాత ప్రహరీకి ఆనించి ఐదారడుగుల మట్టి పోసి ప్లాటు ఎత్తు పెంచడం కూడా అంతే ప్రమాదం. నడుము ఎత్తు దాటిన ఏ గోడకైనా లెక్కగట్టిన డ్రాయింగ్ అడగండి.

2024 మే 7న హైదరాబాద్ బాచుపల్లిలో భారీ వానకు కట్టడంలో ఉన్న అపార్ట్‌మెంట్ రిటైనింగ్ వాల్ కూలింది. దాని పక్కన షెడ్లలో ఉంటున్న వలస కూలీల కుటుంబాల్లో ఏడుగురు చనిపోయారు, వాళ్లలో నాలుగేళ్ల బిడ్డ కూడా ఉంది. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం రోజు తెల్లవారుజామున, వానలో కొత్తగా కట్టిన గోడ క్యూలైన్‌పై పడి ఏడుగురు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. రెండు చోట్లా వాన పడుతోంది. గోడ కింద ఎవరినీ పడుకోనివ్వకండి, షెడ్డు వేయనివ్వకండి. కూలీల షెడ్డు ఎక్కడ వేస్తారో కాంట్రాక్టర్‌ను మొదటిరోజే అడగండి.

వీప్ హోల్స్ (గోడలో నీళ్లు బయటికి పోయే రంధ్రాలు) వదిలితే చాలదా? వెనక కంకర ఎందుకు?

మూడు మీటర్ల గోడ తీసుకుందాం. వెనక పొడి ఇసుక మట్టి ఉంటే, గోడ ప్రతి మీటరు పొడవు మీద సుమారు 2.7 టన్నుల తోపుడు పడుతుంది. అదే మట్టిలో పైదాకా నీళ్లు నిలిస్తే ఆ తోపుడు దాదాపు 6 టన్నులకు చేరుతుంది. రెట్టింపు కంటే ఎక్కువ. పొడి మట్టికి లెక్కగట్టిన గోడ ఆ బరువును ఓర్చుకోలేదు. వానాకాలంలో గోడలు కూలడానికి చాలావరకు కారణం ఇదే.

వీప్ హోల్స్ 75 నుంచి 100 మిల్లీమీటర్ల పైపులతో, మీటరున్నర దూరానికి ఒకటి చొప్పున, బయటికి కొద్దిగా వాలుగా పెడతారు. పైపు వెనక నేరుగా మట్టి ఉంటే రెండు వానలకే మూసుకుపోతుంది. అందుకే గోడ వెనక అడుగు మందాన కంకర, దానికీ మట్టికీ మధ్య నీళ్లను వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ బట్ట, అడుగున రంధ్రాల పైపు కావాలి. పైన నీళ్లు లోపలికి దిగకుండా కాలువ కట్టాలి. ఇవన్నీ కలిపినా గోడ ఖర్చులో చిన్న భాగమే. కొటేషన్‌లోంచి మొదట ఎగిరిపోయేవి కూడా ఇవే. గోడ వెనక రేగడి మట్టి నింపవద్దు. గ్రావెల్‌ను 20 నుంచి 25 సెంటీమీటర్ల పొరలుగా పోసి దిమ్మిస కొట్టించాలి. గోడకు ఆనుకుని పెద్ద రోలర్ తిప్పనివ్వద్దు.

రాతి గోడ మంచిదా, ఆర్‌సీసీ మంచిదా?

రాయి దగ్గర్లో దొరికి, స్థలం ఉండి, ఎత్తు ఆరేడు అడుగుల లోపు ఉంటే రాతి గోడ చక్కగా పనిచేస్తుంది. అది బరువుతోనే నిలబడుతుంది కాబట్టి అడుగు వెడల్పు ఎత్తులో సగానికి తగ్గకూడదు. ముందు వెనకలను కలిపే పొడవాటి రాళ్లు మధ్యమధ్యలో పడాలి. ముందు అందంగా పేర్చి మధ్యలో చిన్న ముక్కలు, మట్టి నింపేసే గోడలు చాలా చూస్తుంటాం, కడుతున్నప్పుడే చూసి ఆపాలి.

అంతకంటే ఎత్తయితే ఆర్‌సీసీ. ఇందులో ఒక్క తప్పుకు క్షమాపణ లేదు: నిలువు కడ్డీల్లో బలమైనవి మట్టి వైపు పడాలి. గోడ మట్టి నుంచి బయటికి వంగాలని చూస్తుంది కాబట్టి సాగే బలం మట్టి వైపే ఉంటుంది. డ్రాయింగ్ చదవని రాడ్ బెండర్ వాటిని బయటి వైపు కట్టేస్తే, చూడటానికి గోడ పర్ఫెక్ట్‌గానే ఉంటుంది. కాంక్రీట్ పోశాక తెలుసుకునే దారి సులువుగా లేదు.

విశాఖలో కొండవాలు ప్లాట్లు కొన్నవారికి ఇంకో మాట. అక్కడి ఖోండలైట్ రాయి పై పొరల్లో మెత్తబడి ఎర్రగా ఉంటుంది. తవ్వినప్పుడు గట్టిగా నిలబడి, నీళ్లు దిగాక జారుతుంది. "కొండే కదా, అదే నిలబడుతుంది" అని నిలువుగా కోసి వదిలేయవద్దు. అలాంటి చోట గోడ పొడవంతా ఒకేసారి తవ్వకుండా ముక్కలు ముక్కలుగా తవ్వి, కట్టి, తర్వాతి ముక్కకు వెళ్లాలి.

తవ్వుతుంటే పక్కింటి గోడ పగిలితే బాధ్యత ఎవరిది?

పక్కవారి ముందు మీరే జవాబు చెప్పుకోవాలి, అందుకే ఒప్పందంలో కాంట్రాక్టర్ బాధ్యత రాసుకోవాలి. పని మొదలయ్యే ముందు పక్కింటి గోడలన్నిటికీ తేదీతో ఫొటోలు తీయండి, వాళ్ల ఎదురుగానే. పాత పగుళ్లు ఏవో, కొత్తవి ఏవో ఇద్దరికీ తెలుస్తుంది, సంబంధాలు కూడా చెడవు. మీటరున్నర కంటే లోతైన కందకాలకు ఆసరా కట్టాలి, లేదా పక్కలు వాలుగా కోయాలి. తీసిన మట్టిని గుంత అంచున పోయకూడదు.

పని ఎప్పుడు మొదలుపెట్టాలి?

తెలంగాణలో, ఉత్తర కోస్తాలో జూన్ లోపల ప్లింత్ దాకా వచ్చేటట్టు చూసుకోండి. నెల్లూరు వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, తుపాన్లు ఉంటాయి, దాన్నిబట్టి లెక్క వేసుకోవాలి. ముహూర్తం దగ్గరపడిందని సాయిల్ రిపోర్ట్ రాకముందే తవ్వేస్తుంటారు. శంకుస్థాపన ముహూర్తానికి ఈశాన్యంలో చిన్న గుంత తీసి పూజ చేసుకోండి, అసలు తవ్వకం రిపోర్ట్ వచ్చాకే మొదలుపెట్టండి.

మేం అమెరికాలో ఉంటాం. ఊళ్లో ఇల్లు కట్టిస్తున్నాం. ఎలా చూసుకోవాలి?

నాన్నగారినో, బావగారినో రోజూ సైట్‌లో నిలబెట్టడం వాళ్లకు భారం, పైగా కాంట్రాక్టర్‌తో మొహమాటం. జీతం ఇచ్చి ఒక సైట్ ఇంజనీర్‌ను మీ తరఫున పెట్టుకోండి. ప్రతి ఫుటింగ్‌కు నంబరు రాసిన పలక పెట్టి, టేపు పరిచి, కాంక్రీట్ పోసేముందు ఫొటో, వీడియో తీయించుకోండి. గోడ వెనక కంకర, పైపు, బట్ట వేసేటప్పుడు కూడా అంతే. క్యూబ్ రిపోర్టులు ల్యాబ్ నుంచి నేరుగా మీకే మెయిల్ రావాలి.

పగుళ్లు వచ్చాయి, కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం లేదు. ఏం చేయాలి?

ముందు పగులు పెరుగుతోందో లేదో చూడండి. రెండు చివర్లా పెన్సిల్ గీత గీసి తేదీ రాయండి. ప్లాస్టర్‌లో వచ్చే వెంట్రుకవాసి పగుళ్లకు కంగారు పడక్కర్లేదు. ఏటవాలుగా వెడల్పవుతున్నవాటిని వేరే స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు చూపించి రాతలో రిపోర్ట్ తీసుకోండి. దానితో కాంట్రాక్టర్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి.

సొంత స్థలంలో కాంట్రాక్టర్‌తో కట్టించుకున్న ఇంటికి రెరా వర్తించదు, అది ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మే ప్రమోటర్ల కోసం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మాత్రం ఇంటి నిర్మాణం సేవల కిందికి వస్తుంది. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, సమస్య తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. సలహాకు 1915 నంబరు ఉంది. బ్యాంకు చెల్లింపులు, సంతకం పెట్టిన డ్రాయింగ్‌లు, ఫొటోలు ఉంటే మీ మాట నిలుస్తుంది.

రిటైనింగ్ వాల్ విషయంలో కాగితాల పని తర్వాత. గోడ బయటికి ఒరిగినట్టు, ఉబ్బినట్టు కనిపిస్తే, లేదా పైన నేలలో గోడకు సమాంతరంగా పగులు తెరుచుకుంటే, ముందు గోడ కింద, పైన ఉన్న మనుషుల్ని దూరంగా పంపేయండి. పైనుంచి వచ్చే నీళ్లను పక్కకు మళ్లించండి, పగులు మీద టార్పాలిన్ కప్పండి. గోడ పైన వాహనాలు, ఇసుక, ఇటుకలు ఉంటే, గోడ ఇంకా కదలడం లేదని ఇంజనీర్ చూసి చెప్పాకే వాటిని తీయించండి.